రొట్టె తినే వేళ

చిసాలా రేవు,
అక్టోబరు మొదటి వారం

ప్రియమైన లుసుంగు వాళ్ళమ్మకు,

నువ్వు పంపిన వేరుశనగలు, సబ్బులు అందాయి. సంచి విప్పి గుప్పెడు గింజలు తిన్నానని స్టీమరు గుమాస్తా తనే చెప్పాడు. నిజం చెప్పేవాణ్ణి ఏమనగలం, ఊరుకున్నాను.

అసలు సంగతి ఏమిటంటే, నాకు సెలవు దొరికింది. ప్రెస్బిటరీ వాళ్ళు ఈ సంఘానికి శాశ్వత పాస్టరును వేశారు. పేరు సుజ్గో కుమ్వెండా. వయసులో ఉన్నవాడు, ఇప్పుడు ముజుజులో ఉన్నాడు. నవంబరు చివరి ఆదివారం ప్రభు భోజనం నేను ఇచ్చి, తాళాలు అతని చేతిలో పెట్టి, ఆ వారం స్టీమరే ఎక్కుతాను. రిటైరై ఇంట్లో కూర్చున్న నన్ను పిలిచి, "కొన్నాళ్ళు చూడండి" అని ఇక్కడికి పంపారు. ఆ కొన్నాళ్ళు మన రెండు పంటలు మింగేశాయి. మూడోదాన్ని మింగనివ్వను. ఈసారి మన పొలంలో బోదెలు నేనే ఎత్తుతాను.

ఇక్కడివాళ్ళకు ఇది రుచించడం లేదు. నేను వచ్చేటప్పటికి ఈ సంఘం ఎలా ఉందో నీకు తెలుసు. ముందున్న పాస్టరు పెద్దలతో పోట్లాడి వెళ్ళిపోయాడు. సగంమంది చర్చి మానేశారు. ఇప్పుడు అందరూ వస్తున్నారు. తాత్కాలిక పాస్టరు అంటే విరిగిన చేతికి కట్టిన బద్ద లాంటివాడని, ఎముక అతికాక కూడా విప్పకపోతే చెయ్యి ఎండిపోతుందని పెద్దల సభలో చెప్పాను. చిరాంబో, ఆ పడవలు చేసే ఆయన, సభకు కార్యదర్శి, మెల్లగా లేచి, "అయ్యగారూ, మా చెయ్యి ఇంకా సలుపుతూనే ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు.

కొత్తాయన ఎందుకు వద్దని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. చిన్నవాడట. గొంతు పెగలదట. పడవెక్కితే వాంతి చేసుకుంటాడట. ఇవేవీ కారణాలు కావు. స్త్రీల సమాజానికి పెద్ద అయిన న్యాలోంగ్వే మరీ మొండిగా ఉంది. ఈ సంఘానికి వెన్నెముక ఆవిడే. ఆవిడ లేస్తే ఆడవాళ్ళందరూ లేస్తారు, ఆవిడ కూర్చుంటే కూర్చుంటారు. ఆవిడ ఆ కొత్త పాస్టరు పేరు కూడా నోట పలకడం లేదు. "ఆ రాబోయే మనిషి" అంటుంది, నేల చూస్తుంది. నలభై ఏళ్ళ పనిలో ఇంత పొగరు నేను చూడలేదు. వెళ్ళేలోపు ఆవిడతో గట్టిగా మాట్లాడతాను.

మేకల పాక కప్పు వేయించావా?

త్వరలో ఇంటికి వచ్చే,
ముంతాలి

*

రుంఫీ,
అక్టోబరు

ప్రియమైన లుసుంగు నాన్నగారికి,

మేకల పాక కప్పు వేయించలేదు. నేనే వేశాను. లుసుంగు కూతురికి దగ్గు తగ్గింది. బోదెలు సగం ఎత్తేశాను, సగం మీకు ఉంచాను. చెప్పిన వారం దాటిందా, ఆ సగం కూడా నేనే ఎత్తి మీకు వంట అప్పజెప్తాను.

మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ఒక ఆడది ఒక మగవాడి పేరు ఎందుకు పలకదో మీకు తెలియలేదా? మన లుసుంగు మొగుడి పేరు నేనెప్పుడైనా పలకగా విన్నారా? ఇప్పుడు రాద్దామన్నా నా చెయ్యి రావడం లేదు. మొన్న అతను పిల్లను చూడ్డానికి వస్తే, నేను మొక్కజొన్న గాదె వెనకాల కూర్చుని అతను వెళ్ళేదాకా లేవలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. క్రిస్మస్‌కి మీరు వచ్చినప్పుడూ అంతే. మీరు అల్లుడితో కోడికూర తింటూ, "మీ అత్తగారు ఎటు పోయిందో" అన్నారు. గోడ అవతలే ఉన్నాను.

ఆ కుమ్వెండా గారి భార్య ఎవరి కూతురో కనుక్కోండి. న్యాలోంగ్వేను మాత్రం అడక్కండి. మీరు పొగరనుకున్నది మర్యాద అయ్యుంటుంది.

గట్టిగా మాట్లాడకండి.

మీ,
న్యాహరావా

*

చిసాలా రేవు,
నవంబరు మొదటి వారం

ప్రియమైన లుసుంగు వాళ్ళమ్మకు,

నువ్వన్నదే నిజం. చిరాంబో పడవకు తారు పూస్తుంటే వెళ్ళి అడిగాను. పని ఆపకుండానే చెప్పాడు. కుమ్వెండా భార్య పేరు తమాలా. ఆమె న్యాలోంగ్వే కూతురే. నాకెందుకు చెప్పలేదని అడిగితే, "ఎలా చెప్తాం అయ్యగారూ? ఒకరి అల్లుడి సంగతి సభలో పెడితే ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?" అన్నాడు.

చిక్కు ఎక్కడుందో నీకు నేను చెప్పక్కర్లేదు. అత్త, అల్లుడు ఎదురుపడకూడదు. ఒకరి కంటి ముందు ఒకరు తినకూడదు. ప్రసంగమైతే తల వంచుకుని వినొచ్చు. ప్రభు భోజనమంటే రొట్టె తినాలి కదా. అల్లుడు బల్ల దగ్గర నిలబడి చూస్తుంటే ఆవిడ రొట్టె నోట పెట్టదు. రొట్టె ముట్టనివాళ్ళు సంఘంలో ఉండీ లేనట్టే. ఆవిడ వెనకాల ఆడవాళ్ళందరూ పోతారు. అందుకని పడవలో వాంతులూ, పెగలని గొంతూ.

ఇంతలో ఇంకొకటి జరిగింది. ఇల్లు చూసుకోవడానికి కుమ్వెండా ఒకసారి వచ్చాడు. ఇద్దరం రేవు దారిన వస్తున్నాం. ఎవరో బాలింతను పలకరించి వస్తూ న్యాలోంగ్వే, సమాజం ఆడవాళ్ళు ఎదురొచ్చారు. అందరూ సమాజం బట్టల్లో ఉన్నారు, తెల్ల జాకెట్టు, నల్ల లంగా. చూసీ చూడగానే ఆవిడ దారి దిగి పక్కకు తప్పుకుంది. అతను అక్కడే ఆగితే సరిపోయేది. ఆగలేదు. చెయ్యి చాచి, "అమ్మా, దేవుడి ఇంట్లో అత్తా లేదు, అల్లుడూ లేడు" అంటూ ఆవిడ వెంటపడ్డాడు. అక్కడ ఓ పక్క కొండ, ఓ పక్క సరస్సు. ఆవిడ చెప్పులతోనే సరస్సులోకి దిగిపోయింది. నడుం లోతు నీళ్ళలో మాకు వీపు పెట్టి నిలబడింది. ఆడవాళ్ళు పైన చుట్టుకున్న చితెంజే గుడ్డలు విప్పి తెరలా పట్టారు. వాళ్ళలో ఒకావిడ, "కొత్తయ్యగారూ, చేపలకి కూడా చెయ్యిస్తారా?" అంది. అతని చెయ్యి గాల్లో అలాగే ఉంది. నేనే పట్టుకుని లాక్కొచ్చాను.

చెడ్డవాడు కాదు. ఇంటికొచ్చి ఏడ్చినంత పని చేశాడు. గౌరవించడానికే వెళ్ళానన్నాడు. ఇలాంటి పాత అలవాట్లు మొదట పాస్టరే విడవాలని అతని నమ్మకం. "నేను ఆవిడకి ముందు పాస్టర్ని, ఆ తర్వాతే అల్లుణ్ణి" అన్నాడు. "ఆవిడ లెక్కలో అది తిరగబడి ఉంది" అన్నాను.

ప్రెస్బిటరీకి రాశాను. చుట్టరికాలు చూసి పాస్టర్లను వెయ్యం అని జవాబు వచ్చింది. పోయిన ఆదివారం స్త్రీల బెంచీలు ఖాళీ. పెద్దలు నన్నే ఉండిపొమ్మని పట్టుబడుతున్నారు. ఉండను. నేను ఉంటే ఈ ముడి విడిపోదు, వాయిదా పడుతుంది. నా తర్వాత వచ్చేవాడి మెడకు చుట్టుకుంటుంది. అలాగని, ఆవిడ చేతిలో రొట్టె నేనే లాగేసినట్టు వదిలేసి స్టీమరు ఎక్కలేను. ఈ నెలలో నాకు మిగిలిన పని ఇదొక్కటే.

చిరాంబోకి కొండ మీద మీవైపు ఏదో పని ఉందట. ఏం పనో చెప్పడం లేదు.

నీ,
ముంతాలి

*

రుంఫీ,
నవంబరు

ప్రియమైన లుసుంగు నాన్నగారికి,

చిరాంబో గారి పని నేనే.

ఇద్దరు పెద్దలూ, ఒక ఆడమనిషీ, ఆయనా వచ్చారు. అప్పట్లో మా నాన్న ఇంటికి మీవాళ్ళు వచ్చినట్టే వచ్చారు. వాకిట్లో చాప మీద కూర్చుని మాటా పలుకూ లేదు. నీళ్ళిస్తే ముట్టలేదు. ఒక తెల్ల కోడిపెట్టనూ, ఎండు చేపల బుట్టనూ నా ముందు పెట్టారు. ఎవరో పిల్లను అడగడానికి ఇల్లు తప్పి వచ్చారేమో అనుకున్నాను. చిరాంబో గారు గొంతు సవరించుకుని, "అమ్మగారూ, మీ ఇంటి పుంజు ఒకటి మా రేవు వైపు తిరుగుతోంది. మా పెరడు దానికి అలవాటైంది. మాకే ఇచ్చేస్తారేమో అడుగుదామని వచ్చాం" అన్నారు.

నవ్వు ఆపుకోలేక కుండ వంకతో లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చి వాళ్ళ భాషలోనే చెప్పాను. "ఆ పుంజు ముసలిది. కూత ఎక్కువ, మాంసం గట్టి. పైగా దానికి నేను ఎప్పుడో తాడు కట్టుకున్నాను."

"పోనీ ఇంకో ఏడాది అరువు ఇవ్వండి" అన్నారు రెండో ఆయన.

"ఇన్నాళ్ళూ అరువే" అన్నాను.

అప్పుడు నీళ్ళు తాగారు. అన్నాలు పెట్టాను. మొహాలు వేలాడేసుకునే తిన్నారు గానీ బాగా తిన్నారు.

వాళ్ళతో వచ్చిన ఆడమనిషి వంటింట్లో నాతో చెప్పింది. న్యాలోంగ్వే సరిగ్గా తిండి తినడం లేదట. తను నీళ్ళలో నిలబడినందుకు కాదట బాధ. తన వల్ల అల్లుడు నలుగురిలో నవ్వులపాలయ్యాడని.

మావైపు ఇలాంటిది వస్తే దూరం తీసేయించుకుంటారు, మీకూ తెలుసు. అల్లుడి తరఫున రాయబారి వెళ్ళి అడగాలి. అత్త ఒప్పుకుని తన చేత్తో వండి పెడితే, ఆ పూట నుంచి ఎదురుపడొచ్చు, ఎదురుగా తినొచ్చు. కుమ్వెండా గారి పెళ్ళి కుదిర్చిన రాయబారి పోయాడట. రెండు వంశాలకూ చెందనివాడు కావాలి. పదునైన చిన్న కత్తి అతిథి దగ్గరే ఉంటుందని, ఇంటివాళ్ళకు తెగని ముడి అతనే కోస్తాడని పెళ్ళిళ్ళలో మీరే చెప్తారు. అక్కడ అతిథి ఎవరు? మీరే. వెళ్ళిపోయే మనిషి కాబట్టి మీ మీద ఎవరికీ కోపం మిగలదు.

అక్కడ ప్రసంగం చెయ్యకండి. చేతిలో కోడితో వెళ్ళండి. వాళ్ళు తెచ్చిన తెల్లదాన్నే తిప్పి పంపుతున్నాను. చేపలు మాత్రం ఉంచుకున్నాను.

పని చేసుకుని రండి. బోదెలు అలాగే ఉన్నాయి.

మీ,
న్యాహరావా

*

చిసాలా రేవు,
నవంబరు ఆఖరు

ప్రియమైన లుసుంగు వాళ్ళమ్మకు,

కోడి అందింది. దారిలో స్టీమరు మీద గుడ్డు కూడా పెట్టిందట. గుడ్డు గుమాస్తా ఉంచుకున్నాడు.

కుమ్వెండాకు కబురు పెట్టాను. రాయబారం మాట విని, అది తనే అడగాల్సిందని, తన తరఫున వెళ్ళమని రాశాడు. దిగి వచ్చాడు కదా అని సంతోషించి, కోడిని చంకన పెట్టుకుని న్యాలోంగ్వే ఇంటికి వెళ్ళాను. ఆవిడ రాతి మీద కర్రపెండలం ముక్కలు ఎండబెడుతోంది. నేను చెప్పిందంతా విన్నది. విని, "మంచి మాట తెచ్చారు అయ్యగారూ. కోడిని తీసుకెళ్ళండి" అంది.

ఎందుకని అడిగాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

"నా నోరు మీకు తెలుసు. ఈ రేవులో నా చేత తిట్లు తినని మగాడు లేడు. నా కొడుకుల కాపురాల్లో వేలు పెట్టాను. ఇద్దరు కోడళ్ళూ నాతో మాట్లాడరు, వాళ్ళ తప్పు కాదు. నా కూతురి కాపురం ఒక్కటే నా నోటికి అందలేదు. ఈ దూరం ఉంది కాబట్టి అందలేదు. మీరొచ్చి ఇప్పుడు దాన్ని తీసేయమంటారు. తీసేస్తే నేను మంచిగా ఉంటాననుకుంటున్నారా? ఉండను. నన్ను నేనెరుగుదును."

"మరి రొట్టె సంగతేమిటమ్మా?" అన్నాను.

ఆవిడ పెండలం ముక్కలు అటూ ఇటూ తిరగేసింది. తర్వాత, "అది లేకుండా చచ్చిపోవాలంటే భయంగానే ఉంది" అంది.

ఆవిడను ఒప్పించడానికి వెళ్ళి, ఆవిడ చెప్పిందే సబబని ఒప్పుకుని తిరిగొచ్చాను. ఆ దూరం ఆవిడ తన కూతురికి ఇచ్చిన కట్నం లాంటిది. తీసే హక్కు నాకు లేదు. ఇక మార్చగలిగింది రొట్టె పెట్టే తీరు ఒక్కటే.

ఆలోచిస్తే, మన దగ్గర పాస్టరు చేతి నుంచి ఎవరూ రొట్టె తీసుకోరు. పళ్ళేలు పట్టుకుని బెంచీ బెంచీకి తిరిగేది పెద్దలు. పాస్టరు చేసేదల్లా బల్ల వెనక నిలబడి, తినేవాళ్ళను చూడటం. మనిషి తింటుంటే ఎదురుగా నిలబడి చూడమని మనకెవరు చెప్పారో తెలియదు. ఇన్నేళ్ళూ చూశాను.

శనివారం పెద్దల సభలో ఒక మాట పెట్టాను. ఇకనుంచి ఈ సంఘంలో రొట్టె విరిచి పళ్ళేలు అందించాక, అందరూ తినేదాకా పాస్టరు గోడవైపు తిరిగి ఉండాలి. ఎందుకని ఒక్కరూ అడగలేదు. నేల చూస్తూ చేతులెత్తారు. చిరాంబో అయితే రెండు చేతులూ ఎత్తాడు.

ఆదివారం అలాగే చేశాను. ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అన్నది దేవుడు చూసుకుంటాడు, పాస్టరు చూడక్కర్లేదు అని మాత్రం చెప్పి, తిరిగి నిలబడ్డాను. నా రొట్టె కూడా గోడను చూస్తూనే తిన్నాను. అందరూ అయ్యాక చిరాంబో దగ్గాడు, అది గుర్తు. స్త్రీల బెంచీలు ఆవేళ నిండాయి. న్యాలోంగ్వే వచ్చింది. వెళ్ళేటప్పుడు నాకు చెయ్యి ఇచ్చింది.

ఇదే పద్ధతి కుమ్వెండా వచ్చాక పెడితే అత్తగారి కోసం అంటారు. నేను పోయే ముందు పెడితే ముసలాయన చాదస్తం అంటారు. ఆ చాదస్తం పేరు నాకే ఉండనీ.

నిన్న అతనికి తాళాలు ఇచ్చాను. పద్ధతులన్నీ చెప్తూ ఇదీ చెప్పాను. "ఇదెప్పటి నుంచి?" అన్నాడు.

"నువ్వు రాకముందు నుంచీ ఉంది."

నా మొహంలోకి చూశాడు. తెలివైనవాడు, అర్థమైంది. "నేను తిరగకపోతే?" అన్నాడు. కోపం లేదు, కానీ మెత్తదనమూ లేదు. దాక్కుని పాస్టరు పని చెయ్యాలా అన్నట్టుంది అతని చూపు.

"తాళాలు నీ చేతిలో ఉన్నాయి. మెడా నీదే" అన్నాను.

ఏం చేస్తాడో నాకు తెలియదు. ఇక్కడితో నా పని అయిపోయింది. తాత్కాలికంగా ఉండి వెళ్ళినవాడు ఏడాదిపాటు ఆ సంఘంలో కాలుపెట్టకూడదని, వాళ్ళ వ్యవహారాల గురించి ఉత్తరం కూడా రాయకూడదని ప్రెస్బిటరీ నియమం. మంచి నియమమే. ఈ ఒక్కసారే గుచ్చుకుంటోంది.

ఎండు చేపలు, చాపలు, పెండలం పిండి, ఇంకా ఏవేవో ఇచ్చారు. సగం తిప్పి ఇచ్చేశాను. ఆ తెల్లకోడిని మాత్రం ఎవరూ తీసుకోవడం లేదు. నాతోపాటే వస్తోంది.

స్టీమరు కనిపిస్తోంది. ఈ ఉత్తరమూ నేనూ ఒకే పడవలో వస్తాం, నాకంటే ముందు ఇదే నీ చేతిలో పడినా పడుతుంది.

నీ,
ముంతాలి

*

చిసాలా రేవు,
ఫిబ్రవరి ఆఖరు

ప్రియమైన లుసుంగు నాన్నగారికి,

మీరు ఇక్కడ కాలు పెట్టకూడదన్నారు గానీ, మీ పెళ్ళాం పెట్టకూడదని ఏ నియమంలోనూ లేదు. స్త్రీల సమాజాల కూడిక ఈ ఏడు ఇక్కడ పెట్టుకుంటే రావడం నా తప్పు కాదు. ఏం జరిగిందో చూసి రమ్మని మీరు అనలేదు. అనకుండా ఉండటానికి, కలుపు లేని మొక్కజొన్నలో మూడు రోజులు కలుపు తీశారు. అందుకే ఇల్లు చేరేదాకా ఆగకుండా రాస్తున్నాను.

ఇవాళ ప్రభు భోజనం. కొత్త పాస్టరు గారికి ఇక్కడ ఇదే మొదటిది. న్యాలోంగ్వే గోడవార బెంచీలో, తలమీద గుడ్డ కప్పుకుని కూర్చుంది. నేను ఆవిడ పక్కనే కూర్చున్నాను. ప్రసంగం బాగుంది. గొంతు పెగలదన్నది అబద్ధం.

రొట్టె విరిచారు. పళ్ళేలు పెద్దల చేతికి ఇచ్చారు. ఇచ్చి, అలాగే నిలబడ్డారు. మొహం మావైపే ఉంది. చిరాంబో గారు పళ్ళెం పట్టుకుని మొదటి బెంచీ దగ్గర ఆగిపోయారు. ఎవరూ కదల్లేదు. న్యాలోంగ్వే తలమీద గుడ్డ ఇంకా కిందికి లాక్కుంది. ఈ ముసలాయన అందరి ప్రాణం మీదికి తెచ్చి ఇంట్లో కూర్చున్నాడని మిమ్మల్ని తిట్టుకున్నాను. నిజంగానే తిట్టుకున్నాను.

అప్పుడు పాస్టరు గారు అన్నారు. "మన సంఘంలో ఒక పద్ధతి ఉంది. నాకంటే ముందు నుంచి ఉంది. నేను దాన్ని తప్పను."

అని తిరిగారు. నుదురు గోడకు తగులుతుందేమో అన్నంత దగ్గరగా నిలబడ్డారు.

పళ్ళెం మా దగ్గరికి వచ్చింది. న్యాలోంగ్వే ముక్క తీసుకుంది. వెంటనే నోట్లో పెట్టుకోలేదు. తలమీద గుడ్డ వెనక్కి తోసేసి, ఎదురుగా ఉన్న ఆ వీపు వంక చూసింది. తల దగ్గర్నుంచి బూట్ల దాకా చూసింది. తర్వాత తింది. పళ్ళెం అందరినీ చుట్టి వచ్చేదాకా చూస్తూనే మెల్లగా నమిలింది. చిరాంబో గారు దగ్గగానే గుడ్డ ముందుకు లాక్కుంది.

మధ్యాహ్నం ఇద్దరం కూడికకు పెండలం చెక్కుతూ కూర్చున్నాం. చెక్కిన దుంప పక్కన పెట్టి ఆవిడ, "పెళ్ళై ఇన్నేళ్ళైంది. ఇవాళ చూశాను" అంది.

"ఎలా ఉన్నారు?" అన్నాను.

"సన్నంగా ఉన్నారు. అంత పొడుగున్నారని నా కూతురు చెప్పలేదు. కోటు భుజం దగ్గర కుట్టు విడిపోయింది. ఆ పిల్ల ఇంట్లో ఉండి ఏం చేస్తోందో."

"వెళ్ళి అడుగు."

"అడగను. ఒకసారి అడిగితే ఇక ఆగను." ఇంకో దుంప చెక్కింది. ఇంకోటి చెక్కింది. "నువ్వడుగు" అంది.

సాయంత్రం పాస్టరు గారింటికి వెళ్ళాను. తమాలా చంటిదానికి పాలిస్తోంది. నీళ్ళు మోయడానికే పొద్దు చాలడం లేదని చెప్పింది. కోటు ఇలా ఇవ్వండని పాస్టరు గారితో అన్నాను. ఎవరు చూశారు, ఎవరు చెప్పారు అని ఆయన అడగలేదు. విప్పి, దులిపి, మడతపెట్టి నా చేతికి ఇచ్చారు.

అది ఇప్పుడు న్యాలోంగ్వే ఒళ్ళో ఉంది. కుట్టు చీకటి పడేలోపు పూర్తవ్వాలని, మాట్లాడించొద్దని నన్ను కసిరింది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాయడానికి తీరిక దొరికింది.

గురువారం స్టీమరుకి వస్తాను. కొండ దిగి మనవైపు రేవు దాకా రావచ్చు కదా, అది ఈ సంఘం కిందికి రాదు.

మీ,
న్యాహరావా